పన్నెండు గడులు

కార్పొరేషన్ ఆఫీసులో, మేడ మీద,
తిరగని ఫ్యాను కింద నా బల్ల.
వరద వలంటీర్ల ఫైలు నాదే.

జూన్‌లో నోటీసు అంటించినాం
వార్డు సచివాలయం గోడకి, సంతపేట మార్కెట్ గేటుకి.
"వయసు పద్దెనిమిది నుంచి యాభై.
ఈత వస్తే మంచిది. జీతం లేదు."
ఆ మాట కిందే ఎవరో పెన్నుతో రాసిపోయినారు:
టీ అయినా ఉందా?

ఉంది. తలకి పది రూపాయలు.
శాంక్షనయింది ఆగస్టులో.

నలభై ఒక్క దరఖాస్తులు.
ఏడో గడి: ఎందుకు చేరదలిచారు?
ముప్పై మంది ప్రజాసేవ అన్నారు, ఒకరిది చూసి ఒకరు.
ఇంట్లో ఊరికే ఉంటే మా అత్త తిడతాది, అని ఒకామె.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను అయిపోయిన పిల్లోడు
"పని లేదు సార్, చేతులుండాయి" అని రాసినాడు.
నేను సార్ కాదు.
అయినా ఆ కాగితం చానాసేపు కింద పెట్టలేదు.

మొగిలప్పకి అరవై రెండు. బస్సు కండక్టరుగా చేసి దిగినాడు.
రూలు చూపించి వెనక్కి పంపినాను.
మర్నాడు మళ్ళీ వచ్చి
"పేరు రాయొద్దులేమ్మా, విజిలు నా దగ్గరే ఉండాది" అన్నాడు.

ట్రైనింగు రెండు గంటలు.
మొదటి గంట ముఖ్య అతిథి కోసం కాచుకున్నాం.
రెండో గంటలో ఫైరు స్టేషనాయన
ఒక తాడు తెచ్చి ఒకే ఒక ముడి నేర్పించినాడు.
మనుషులు నలభై ఒకటి, పచ్చ జాకెట్లు ముప్పై,
అన్నీ ఒకటే సైజు.
దిల్షాద్‌కి మోకాళ్ళ దాకా దిగింది.
"దీన్ని వేసుకుంటే మొదట నేనే కొట్టుకుపోతా మేడమ్" అని నవ్వింది.

డ్యూటీ చార్టు నేనే గీసినాను, స్కేలు పెట్టి.
పేరుకెదురుగా వీధి.

నవంబరు. మూడు దినాల ముసురు.
పైన చెరువు తెగిందని పదకొండున్నరకి ఫోను.
మా ఏటి పేరు నీవా.
ఏడాదికి పది నెలలు ఇసక, ముళ్ళకంప, ఊరి చెత్త.
ఆ రాత్రి మాత్రం వీధి వీధికీ వచ్చి
తన పేరుతోనే అడిగింది:
నీవా?
నీవా?
చీకట్లో టార్చిలైట్లు ఒక్కొక్కటే వెలిగినాయి.
ఇరవై ఆరు.
రాని పదిహేను మందిని నేనేమీ అనను.
జీతం లేదని రాసింది మేమే.

ఇరవై ఏడోది లైటు కాదు, విజిలు.
రైట్ రైట్ అంటా, తొడల్లోతు నీళ్ళలో
ముసలోళ్ళని బడి మెట్లెక్కిస్తా ఉన్నాడు మొగిలప్ప,
చిల్లర మాత్రం అడగలా.

దిల్షాద్ నేను వేసిన వీధిలోనే ఉంది.
తొమ్మిదిళ్ళు, ముప్పై నాలుగు మంది,
రెండు మేకలు, ఒక కుట్టుమిషను.
తెల్లారి నాలుగున్నరకి ఫోన్లో లెక్క చెప్పింది.
చెప్పి, "ఇంక ఇంటికి పోవచ్చా మేడమ్" అంది.
మీ ఇల్లెక్కడమ్మా?
"ఏటిగట్టు కింద.
అమ్మీ రెండు గంటల్నుంచి ఫోనెత్తలేదు."

చిరునామా మూడో గడిలో ఉండింది.
నేను చదివినాను. సీలు కూడా వేసినాను.

వాళ్ళమ్మ పక్కింటి మిద్దె మీద దొరికింది, వణుకుతా, ప్రాణంతో.
ఎక్కించింది ఏ ఫారమూ నింపని వాళ్ళెవరో.

జనవరిలో సర్టిఫికెట్లు ఇచ్చినాం.
దిల్షాద్ పేరు దిల్షాన్ అని పడింది.
దిద్దించి ఇస్తానంటే
"నిదానంగా ఇవ్వండి మేడమ్, తగిలించడానికి గోడ ఆరలేదింకా" అంది.

ఈ ఏడు ఒక గడి పెంచమని నోటు పెట్టినాను.
ఖర్చేమీ లేదని కూడా రాసినాను.
ఫైలు తిరిగొచ్చింది: పాత ఫారాలు స్టాకున్నాయి, అవే వాడండి.
వాడతా ఉన్నాను.
పన్నెండో గడి కింద మిగిలిన
వేలెడు తెల్లజాగాలో, పెన్సిలుతో, ఒక్కో ఫారానికీ
నా చేత్తో రాస్తా ఉన్నాను.
నీళ్ళు మీ ఇంటికే వస్తే ఎవరిని పంపాల?

నిన్న మొగిలప్ప వచ్చినాడు.
కళ్ళద్దాలు తుడుచుకొని ఆ ప్రశ్నకి
"నువ్వే రా" అని రాసినాడు.
వయసు గడిలో నలభై తొమ్మిది.
రెండూ చదివినాను.
సీలు వేసినాను.